చలి గదిలో పనిచేస్తే జలుబు చేస్తుందా? ఒక మిర్చి హమాలీ కేసు

గుంటూరు చుట్టుపక్కల క్లినిక్ పెట్టుకున్న ఏ డాక్టర్ని అడిగినా చెప్తారు, మార్చి ఏప్రిల్ వచ్చిందంటే మిర్చి పని చేసేవాళ్ళ ముక్కులు, గొంతులు, కళ్ళు చూడ్డంతోనే సగం రోజు గడిచిపోతుంది. కళ్ళాల్లో ఎండిన కాయ యార్డుకి వస్తుంది, రేటు నచ్చక ఆపుకున్నదీ, వ్యాపారులు కొని పెట్టుకున్నదీ కోల్డ్ స్టోరేజీకి పోతుంది. ఒక్కో టిక్కీ, అంటే మిర్చి బస్తా, 40 కిలోల పైమాటే. దాన్ని వీపున వేసుకుని హమాలీ లోపలికి వెళ్తాడు, బయటేమో 42, 43 డిగ్రీల ఎండ, లోపల ఛాంబర్లో 10 డిగ్రీల లోపు, చెమటకి తడిసిన చొక్కా ఒంటి మీదే ఉంటుంది, మళ్ళీ బయటికి, మళ్ళీ లోపలికి, రోజంతా ఇదే.

చలికి జలుబు చేస్తుందా అనే ప్రశ్న మామూలుగా డిసెంబర్లో వస్తుంది. చిక్కు కూడా అక్కడే. డిసెంబర్లో చలి ఒక్కటే రాదు కదా, తలుపులు కిటికీలు మూసుకుని ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకుంటాం, పిల్లలు క్లాసులో ఒకరి మీద ఒకరు తుమ్ముకుంటుంటారు, గాలి పొడిబారి ఉంటుంది, ఇందులో ఏది కారణమో విడదీయడం కష్టం. మిర్చి హమాలీకి మాత్రం నడి వేసవిలో, చలికాలం తాలూకు మిగతా హంగులేవీ లేకుండా, ఉత్త చలి తగుల్తుంది. అందుకే ఈ కేసు రాసి పెడుతున్నా. పేషెంటు ఒప్పుకున్నాడు, వయసు, కుటుంబం వివరాలు కొంచెం మార్చా, స్టోరేజీ ఏది ఊరేది అని మాత్రం అడక్కండి.

మనిషి, ఆయన బాధ

నలభైకి దగ్గరపడ్డ హమాలీ. ముఠాలో చాలా ఏళ్ళ నుంచి ఉన్నాడు. భార్య మిరపకాయ తొడాలు తీసే పనికి వెళ్తుంది, ఇద్దరు పిల్లలు, చిన్నది ఒకటో క్లాసు. సిగరెట్ లేదు. మిర్చి సీజన్ మధ్యలో వచ్చాడు.

"సార్, ఏడాది పైనుంచి జలుబు తగ్గట్లా. మందులు మింగీ మింగీ ఇసుగొచ్చింది. ఆ చల్ల గదుల్లో పని మానేస్తే గానీ తగ్గదని మా మేస్త్రీ కూడా అంటన్నాడు. అదే మాట మీరు కాగితం మీద రాసిస్తే మానేస్తా" అన్నాడు. భార్యది కూడా అదే మాట. ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని చూసిపెట్టుకున్నారు, జీతం ఇప్పుడొచ్చే దాంట్లో సగం కూడా ఉండదు. అంటే ఇక్కడ చలికి జలుబు చేస్తుందా లేదా అన్నది కాలక్షేపం చర్చ కాదు, ఒక ఇంటి అద్దె, ఇద్దరు పిల్లల చదువు దాని మీద ఆధారపడి ఉన్నాయి. అవును అనేస్తే ఉన్న పని పోతుంది. కాదు అనేసి, తీరా చూస్తే ఆయనకి ఆస్తమా ఉందనుకోండి, అది ఇంకా పెద్ద తప్పు అవుతుంది. కాబట్టి ఆ కాగితం వెంటనే రాయలేదు, రాయనని కూడా అనలేదు.

గడియారం పెట్టి అడిగిన ప్రశ్నలు

ఇలాంటి కేసులో నేను ముక్కులోకి టార్చ్ వేసే ముందు టైములు అడుగుతా. ముక్కు కారడం ఎప్పుడు మొదలవుతుంది? "లోపలికి పోయిన రెండు నిమిషాలకే సార్, నీళ్ళ లాగా." బయటికొచ్చాక? "పావుగంట, ఇరవై నిమిషాలకి ఆగిపోద్ది."

ఇది ఏ వైరస్ చేసే పనీ కాదు. జలుబుల్లో ఎక్కువ భాగం రైనోవైరస్‌ల వల్ల వస్తాయి, వాటిలో 160కి పైగా రకాలున్నాయి, ఏ రకమైనా ముక్కులోకి చేరాక కణాల్లో పెరిగి లక్షణాలు చూపించడానికి కనీసం సగం రోజు, మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, మొదలయ్యాక వారం అటూఇటూ ఉండి పోతుంది. రెండు నిమిషాల్లో మొదలై ఇరవై నిమిషాల్లో ఆగేది నరాల రిఫ్లెక్స్. మనం పీల్చే గాలిని ఊపిరితిత్తులకి పంపేలోపు వెచ్చబెట్టి తేమ పట్టించడం ముక్కు పని, చల్లటి పొడి గాలి ఒక్కసారిగా తగిలితే లోపలి పొరలో నీరు ఆవిరైపోతుంది, దాన్ని భర్తీ చేయడానికి గ్రంథులు బళ్ళున నీళ్ళు వదుల్తాయి. మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్ళలో చాలామందికి ఇది మామూలే. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో 1980లలోనే కొంతమంది ముక్కుల్లోకి చల్లటి పొడి గాలి పంపి చూశారు, చలికి ముక్కు పాడయ్యే తత్వం ఉన్నవాళ్ళలో అలర్జీలో వచ్చే హిస్టమిన్ లాంటి రసాయనాలే విడుదలయ్యాయి, వైరస్ ఊసే లేదు.

మీ ముఠాలో మిగతావాళ్ళకి కారదా అంటే "అందరికీ కారుద్ది సార్, తుడుచుకుంటాం" అన్నాడు. మరి వాళ్ళెవరూ హాస్పిటల్‌కి రాలేదు. కాబట్టి ఈయన్ని ఇక్కడిదాకా తెచ్చింది ఇంకేదో ఉండాలి.

రాత్రి ఎలా ఉంటుందని అడిగాను. రెండు రంధ్రాలూ బిగుసుకుపోతాయట, నోటితో గాలి పీల్చుకోవాలి, చుక్కలు వేస్తే గానీ నిద్ర పట్టదు. ఏం చుక్కలు? జేబులోంచి తీశాడు, ముక్కు దిబ్బడ విడిపించే ఆక్సీమెటజోలిన్. కిందటి దీపావళి ముందు ఒకసారి బాగా జలుబు చేస్తే మెడికల్ షాపులో ఇచ్చారట, అప్పట్నుంచి ఆపలేదు, పొద్దునా రాత్రీ కాక పని మధ్యలో కూడా వేస్తున్నాడు. ఆ మందు మూడు రోజులు, మహా అయితే అయిదు రోజుల కోసం పుట్టింది. అంతకుమించి వాడితే అది వడ్డీ అప్పు లెక్క, ఇవాళ ఊపిరి ఆడిస్తుంది, దిగిపోయేటప్పుడు ముందుకంటే ఎక్కువ బిగిస్తుంది. దానికి తోడు అదే షాపు నుంచి క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ కలిపిన బిళ్ళలు. మొదటిదానికి మత్తు, రెండోది బీపీ మీద పనిచేసేది. 40 కిలోల బస్తా వీపున ఉన్న మనిషికి మత్తు బిళ్ళ ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా. మధ్యలో యాంటీబయాటిక్ కోర్సులు కూడా అయ్యాయి, వాటికి ఇక్కడ చేయడానికి పనే లేదు.

తుమ్ములు, ముక్కులో మంట ఎప్పుడొస్తాయంటే అది వేరే కథ. తాలు కాయ (రంగు పోయిన నాసి కాయ) టిక్కీలు దించే రోజు, ఛాంబర్ ఊడ్చే రోజు ఎక్కువ. చలికి అడ్డం పెట్టుకుందామని ముక్కుకి తువ్వాలు చుట్టుకుంటే ఇంకా ఎక్కువైందట. ఇది విన్నాకే నాకు దుమ్ము మీద అనుమానం గట్టిపడింది, ఎందుకంటే చలే కారణమైతే తువ్వాలుతో తగ్గాలి. ఆ తువ్వాలు తెచ్చి చూపించమన్నా. భుజం మీద బస్తా కింద వేసుకునేదీ అదే, మొహం తుడుచుకునేదీ అదే, దులిపితే నా గదిలో ఇద్దరికీ తుమ్ములొచ్చాయి. చలిని ఆపడానికి కారప్పొడి గుడ్డలోంచి గాలి పీలుస్తున్నాడన్నమాట.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మిరపలో కారం పుట్టించే కాప్సైసిన్‌నే కొన్ని చోట్ల, ముఖ్యంగా యూరప్‌లో, అలర్జీ కాని ముక్కు కారడానికి మందుగా వాడతారు, పదే పదే తగిలిస్తే ఆ నరాలు మొద్దుబారతాయని. ఆ లెక్కన మన హమాలీలకి ముక్కు జబ్బులే ఉండకూడదు కదా అని స్నేహితుడొకాయన వాదించాడు. కానీ వాళ్ళు కొలిచి వాడేది శుద్ధమైన మందు, మనవాళ్ళు పీల్చేది కాయ పొట్టు, తొడిమ ముక్కలు, మట్టి, ఒక్కోసారి బూజు, అన్నీ కలిసిన దుమ్ము.

ఇక జ్వరం, గొంతునొప్పితో పడుకున్న రోజులు అడిగితే, ఏడాదిలో రెండు మూడు సార్లు అని చెప్పాడు. అవి ఎవరి నుంచి? భార్య అందుకుంది, "చిన్నదానికి ముందొచ్చిద్దండీ, తర్వాత నాకు, ఆ తర్వాత ఈయనకి." అసలు జలుబు అది. పెద్దవాళ్ళకి ఏడాదికి రెండు మూడు రావడం మామూలు లెక్కే, స్కూలు పిల్లలున్న ఇంట్లో ఇంకొంచెం ఎక్కువైనా ఆశ్చర్యం లేదు.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నీ కలిపితే కథ బాగానే అతుకుతోంది, కానీ అతికింది కదా అని మిగతావి వదిలేయకూడదు. జలుబుతో పాటు దగ్గు కూడా ఉంది, అది రెండు వారాలు దాటింది కాబట్టి టీబీకి కళ్ళె పరీక్ష, ఎక్స్‌రే చేయించా, రెండూ బాగానే ఉన్నాయి. నీళ్ళు ఒక్క వైపు నుంచే కారితే, వంగినప్పుడు ఎక్కువైతే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు, ఈయనకి రెండు వైపులా. ముక్కు లోపల కండ పెరగలేదు. లోపలి పొర అలర్జీలో లాగా పాలిపోయి లేదు, ఎర్రగా వాచి ఉంది, చుక్కలు ఎక్కువ వాడినవాళ్ళలో కనపడే తీరు అది. అమోనియా సంగతి కూడా అడిగా, ఎందుకంటే ఈ స్టోరేజీల్లో చల్లదనం చాలావరకు అమోనియాతోనే నడుస్తుంది, చిన్న లీకున్నా ముక్కు కళ్ళు మండుతాయి. అలాంటి ఘాటు వాసన లేదు, ఆపరేటర్లకి కూడా ఏ బాధా లేదు.

అన్నిటికంటే ముఖ్యం ఆస్తమా. చలి గాలి, కారం దుమ్ము రెండూ ఆస్తమాని రేపుతాయి, అది ఉందని తేలితే నా సలహా మొత్తం తిరగబడేది, పని మారమనే చెప్పేవాణ్ణి. క్లినిక్‌లో ఒకసారి ఊదిస్తే తేలదు, పని చేసినప్పుడూ సెలవు రోజూ పోల్చాలి. ఊపిరి ఎంత వేగంగా వదులుతున్నాడో కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఇచ్చి రోజుకి నాలుగు సార్లు ఊది రాయమన్నా, పని రోజులూ సెలవు రోజులూ కలిపి. అంకెలు వాళ్ళ పెద్ద పిల్లాడు నోట్‌బుక్‌లో వేశాడు, చక్కగా. పని రోజుకీ ఇంటి దగ్గర రోజుకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అప్పుడు గానీ పని మానక్కర్లేదని చెప్పడానికి నాకు ధైర్యం రాలేదు.

మరి చలికి అసలు పాత్రే లేదా

మన డాక్టర్లలో కొందరు ఇక్కడ విసురుగా కొట్టిపారేస్తారు, జలుబు వైరస్ వల్ల వస్తుంది, చలి గిలి అంతా మూఢనమ్మకం అని. నాకు అంత తేలిగ్గా అనాలనిపించదు. ఇంగ్లండ్‌లో సాలిస్‌బరీ దగ్గర రెండో ప్రపంచ యుద్ధం అయిన వెంటనే, 1946లో, జలుబు మీద పరిశోధనకే ఒక కేంద్రం పెట్టి నాలుగు దశాబ్దాల పైన నడిపారు. అక్కడ వాలంటీర్లని వేడినీళ్ళ స్నానం చేయించి, తడి బట్టల మీదే గాలి కొట్టే వరండాలో నిలబెట్టి, ఆ తర్వాత తడి మేజోళ్ళతో తిరగమన్నారు. వైరస్ వేయకుండా చలి ఒక్కటే పెట్టినవాళ్ళకి జలుబు రాలేదు. 1968లో అమెరికాలో రైనోవైరస్ ముక్కులో వేసి మరీ చల్లటి చోట ఉంచి చూశారు, చలి పెట్టినవాళ్ళకి ఎక్కువగా ఏమీ రాలేదు. ఇంకా పాత ఉదాహరణ ఆర్కిటిక్‌లో స్పిట్స్‌బెర్గెన్. 1930–31లో అక్కడి గని ఊళ్ళో పరిశీలించారు, సముద్రం గడ్డకట్టి ఓడలు ఆగిపోయిన గడ్డు చలికాలంలో జలుబులు దాదాపు మాయమయ్యాయి, వసంతంలో మొదటి ఓడ వచ్చాక ఊరంతా తుమ్మింది. నేను ఆ హమాలీకి చెప్పింది కూడా ఈ కథే, వెంటనే పట్టుకున్నాడు, "ఓడలో వచ్చింది మనుషులు గదా సార్" అని.

కానీ రెండో వైపు కూడా ఉంది. 2005లో బ్రిటన్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీలో 90 మంది పాదాలు 10 డిగ్రీల నీళ్ళలో 20 నిమిషాలు పెట్టించారు, ఇంకో 90 మందిని ఖాళీ గిన్నెలో పెట్టమన్నారు. తర్వాతి నాలుగైదు రోజుల్లో నీళ్ళవాళ్ళలో 13 మంది, ఖాళీ గిన్నెవాళ్ళలో 5 మంది జలుబు చేసిందన్నారు. తేడా ఉంది, అయితే ఎవరికీ వైరస్ పరీక్ష చేయలేదు, వాళ్ళు చెప్పిన లక్షణాలే ఆధారం. చలికి ముక్కు రక్తనాళాలు ముడుచుకుని, అప్పటికే లోపల దాక్కున్న ఇన్ఫెక్షన్ బయటపడి ఉండొచ్చని వాళ్ళ ఊహ. 2015లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఎలుక శ్వాసనాళ కణాలు తీసుకుని చూస్తే 37 డిగ్రీల కంటే 33 దగ్గర రైనోవైరస్ బాగా పెరిగింది, ఎందుకంటే చల్లదనంలో కణాల ఎదురుదాడి మందగించింది. 2022లో అమెరికాలో బోస్టన్ పరిశోధకులు 4.4 డిగ్రీల గాలిలో 15 నిమిషాలు ఉంచితే ముక్కు లోపల సుమారు 5 డిగ్రీలు తగ్గిందని కొలిచారు, మన ఛాంబర్ కూడా ఇంచుమించు అలాంటిదే. కాబట్టి నా లెక్క ఇది: చలి వైరస్‌ని పుట్టించదు, ముక్కు కాపలాని కొంత సడలించగలదు, కానీ ఎవరో ఒకరు వైరస్ తెచ్చి ఇవ్వాలి. ఈ పేషెంటుకి ఇచ్చేది ఒకటో క్లాసు పిల్ల, ఛాంబర్ కాదు.

ఏం చేశాం, ఏది నిలబడలేదు

ముందు మెడికల్ షాపు బిళ్ళలు ఆపేయించాం, బీపీ హద్దు మీద ఉంది, అవి ఆపిన తర్వాత కొద్దిగా దిగింది. చుక్కలు ఒక్కసారిగా ఆపి, స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీళ్ళు మొదలుపెట్టాం. నిలబడలేదు. స్ప్రే పనిచేయడానికి రోజులు పడుతుంది, ఊపిరాడకపోతే రాత్రి రెండింటికి మనిషి ఆగడు కదా, మూడో రోజే మళ్ళీ చుక్కలు వేసేశాడు, చెప్పడానికి మొహమాటపడ్డాడు, భార్య చెప్పింది. అప్పుడు దారి మార్చాం. చుక్కలు కుడి వైపు మాత్రం ఆపు, ఎడమ వైపు రాత్రి ఒక్కసారి వేసుకో, స్ప్రే మాత్రం రెండు వైపులా. ఒక వైపు ఊపిరి ఆడుతుంటే నిద్ర పడుతుంది, కుడి వైపు తెరుచుకున్నాక ఎడమ వైపు కూడా ఆపేయాలి. ఇది పట్టింది. కొన్ని వారాల్లో చుక్కల సీసా జేబులోంచి పోయింది, దిబ్బడ దాదాపు పోయింది.

కానీ ఛాంబర్లో నీళ్ళు కారడం అలాగే ఉంది. ఉత్త స్టెరాయిడ్ స్ప్రేకి అది లొంగకపోవడం నాకు వింతగా అనిపించలేదు, వాపు వేరు, రిఫ్లెక్స్ వేరు. ఖరీదు ఎక్కువ కాబట్టే మొదట ఇవ్వలేదు గానీ, అప్పుడు అజెలాస్టిన్ (అలర్జీ మందు), ఫ్లూటికాసోన్ (స్టెరాయిడ్) కలిసిన స్ప్రేకి మారాం. వారం తర్వాత "చేదు సార్, గొంతులోకి దిగుతోంది, నా వల్ల కాదు" అని తెచ్చి బల్ల మీద పెట్టాడు. నా ముందే వేసుకోమన్నా. తల వెనక్కి వాల్చి, గట్టిగా ఎగపీలుస్తున్నాడు. తల కొంచెం ముందుకి వంచి, కుడి ముక్కుకి ఎడమ చేత్తో, మధ్య గోడకి కాకుండా బయటి వైపుకి, మెల్లగా పీల్చాలి. చేదు సగం తగ్గింది, పని కూడా బాగా చేసింది. స్ప్రే రాసిస్తే సరిపోదు, వేసి చూపించమనాలి, ఇది నేను జూనియర్లకి విసుగొచ్చేదాకా చెప్తుంటా.

దుమ్ముకి తువ్వాలు మాన్పించి సరైన మాస్క్ పెట్టుకోమంటే, బస్తా మోస్తూ అది పెట్టుకుంటే ఊపిరాడదన్నాడు, న్యాయమే. చివరికి పాత నూలు చీర కత్తిరించి భార్యే రెండు మూడు మడతల గుడ్డలు కుట్టింది, ఉతికినవి కవర్లో పెట్టుకుని వెళ్తాడు, తడవగానే ఇంకోటి, సాయంత్రం అన్నీ ఉతకాలి. ఇలాంటి గుడ్డ సన్న దుమ్ముని పూర్తిగా ఆపదు, కానీ వదిలే గాలిలోని వెచ్చదనం, తేమ అందులో నిలిచి చలి గాలి దెబ్బ తగ్గుతుంది. ఛాంబర్ ఊడ్చే రోజు మాత్రం మాస్క్ తప్పదు, ఆ రోజు మోత ఉండదు కాబట్టి ఒప్పుకున్నాడు. పని అయ్యాక కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు వేసి ముక్కు కడుక్కోవడం, పంపు నీళ్ళతో వద్దని గట్టిగా చెప్పా.

ఆవిరి పట్టమంటారా అని అడిగారు. హాయిగా ఉంటే పెద్దాయన పట్టుకోవచ్చు, మరిగే నీళ్ళ గిన్నె చిన్న పిల్ల దగ్గర పెట్టొద్దు, కాలిన కేసులు చాలా చూశాం. మిరియాల చారు మాత్రం నిరభ్యంతరంగా తాగమన్నా.

వర్షాకాలంలో అసలు పరీక్ష

సీజన్ అయిపోయి లోడింగ్ తగ్గిపోయాక, స్కూళ్ళు తెరిచిన కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చాడు, బెంగగా. జ్వరం, గొంతు గరగర, ముక్కు కారడం, తర్వాత చిక్కబడటం. "తిరగబెట్టింది సార్." చివరిసారి ఛాంబర్లోకి ఎప్పుడెళ్ళావంటే పది రోజులు దాటిందన్నాడు. పిల్లకి మూడు రోజుల ముందు, భార్యకి నిన్న. ఇదిగో, జలుబు అంటే ఇది, చలి లేకుండానే వచ్చింది చూడు అన్నా. పారాసిటమాల్, ఉప్పునీళ్ళు, తేనె, విశ్రాంతి, యాంటీబయాటిక్ లేదు. చీమిడి పచ్చబడితే ఇన్ఫెక్షన్ ముదిరిందనే అనుమానం అందరికీ ఉంటుంది, ఒట్టి రంగుని బట్టి యాంటీబయాటిక్ రాయకూడదు. పది రోజులైనా తగ్గకపోయినా, తగ్గి మళ్ళీ జ్వరం వచ్చినా రమ్మన్నా. వారంలో తగ్గింది. చుక్కలు కొనలేదని భార్య సాక్ష్యం చెప్పింది, నాకు అన్నిటికంటే అదే సంతోషం.

వాచ్‌మన్ పనికి పోలేదు. తర్వాతి సీజన్‌కీ ఛాంబర్లో ముక్కు కారుతూనే ఉంది, తక్కువగా, తుడుచుకుని పని చేసుకుంటున్నాడు, అది పూర్తిగా పోదని ముందే చెప్పాను.

ఈయన చెప్పగా అదే ముఠా నుంచి ఇంకొకతను వచ్చాడు, అచ్చం అదే మాట, చల్ల గదికి జలుబు సార్ అని. అతనికీ మీటర్ ఇచ్చి పంపా. అతని నోట్‌బుక్‌లో పని రోజు సాయంత్రాలు అంకెలు పడిపోతున్నాయి, ఆదివారం లేస్తున్నాయి, రాత్రి పిల్లికూతలు కూడా ఉన్నాయి. అతనికి ఇన్హేలర్ మొదలుపెట్టి, ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి పంపి, మొదటాయన అడిగిన కాగితం ఇతనికి రాసిచ్చా. మేస్త్రీ మంచివాడే, కాటా దగ్గర టిక్కీల లెక్క రాసే పనిలో పెట్టాడు. అక్కడ కూడా దుమ్ము ఉంటుంది, అందుకే నెలకోసారి అతని నోట్‌బుక్ చూస్తున్నా.